జాలవంక బడిగోడ మీది ఎర్రగీత

జిల్లా రెండుగా చీలిన మరుసటి ఏడాది, జూన్‌లో బడులు తెరిచిన వారానికి, అనంతపురంలోని మా భూగర్భ జల శాఖ కార్యాలయానికి నా పేరు మీద ఒక ఉత్తర్వు వచ్చింది. అప్పటికి నేను అసిస్టెంట్ హైడ్రోజియాలజిస్టును. రిటైర్మెంటుకు రెండేళ్ళ చిల్లర ఉంది. ఉత్తర్వులో నాకిచ్చిన కొత్త హోదా పేరు ఒకటిన్నర వరుస పొడుగుంది. క్లుప్తంగా చెప్పాలంటే, ఉభయ జిల్లాల పర్యావరణ విద్యా భాగస్వామ్యానికి సభ్య కార్యదర్శిని. దీన్ని ప్రభుత్వ భాషలో అదనపు బాధ్యత అంటారు. జీతం ఒకటే, సంతకాలు మాత్రం రెండు చోట్ల.

మా వృత్తి గురించి ఒక మాట. భూమి కింద నీరు ఎంత లోతున ఉంది, ఏడాదికి ఎంత చేరుతోంది, ఎంత తోడుతున్నారు అని లెక్క కట్టడం మా పని. ఊళ్ళలో మాత్రం మమ్మల్ని 'పాయింటు చూసే సార్లు' అంటారు. బోరు ఎక్కడ వేస్తే నీళ్ళు పడతాయో చెప్పడానికి అరచేతిలో టెంకాయ పెట్టుకుని చేను తిరిగే మనుషులుంటారు. రైతులు ముందు వాళ్ళను పిలిచి, తర్వాత మమ్మల్ని పిలిచి, ఇద్దరూ ఒకే చోటు చూపిస్తే బోరు వేస్తారు. ముప్ఫై ఏళ్ళ సర్వీసులో టెంకాయతో నాకు పోటీ తప్పలేదు. ఎవరు ఎక్కువసార్లు గెలిచారని అడగకండి.

భాగస్వామ్యం ఎందుకు పుట్టిందంటే, జిల్లా చీలినప్పుడు ఒక వంక కూడా చీలింది. రాప్తాడు వైపు గుట్టల్లో పుట్టి బత్తలపల్లె వైపు పారే వంక అది. మొదలు ఒక కలెక్టరు కిందికి, తోక ఇంకొక కలెక్టరు కిందికి పోయింది. పైన చెక్‌డ్యాం కడితే కింది ఊరికి ఏమవుతుందో అడిగే అధికారం ఎవరికీ లేకుండా పోయింది. అందుకని రెండు జిల్లాల విద్యాశాఖలు, మా శాఖ, అటవీశాఖలో మొక్కలు పెంచే విభాగం, ఒక స్వచ్ఛంద సంస్థ, ఒక కళాశాల కలిసి ఒక ఒప్పందం రాసుకున్నాయి. వంక పొడుగునా ఉన్న ఊళ్ళలో హైస్కూలు పిల్లలు వానను, బోరులో నీటి లోతును పదిహేను రోజులకొకసారి కొలవాలి. ఆ లోతును బడిగోడ మీద అందరికీ కనబడేటట్టు రాయాలి. రబీలో ఏ పంట వేయాలో ఊరు దాన్ని చూసి తేల్చుకోవాలి. పిల్లలకు చదువు, పెద్దలకు బుద్ధి అని స్వచ్ఛంద సంస్థవాళ్ళు అన్నారు. ఆలోచన మంచిదే. ఇప్పటికీ మంచిదనే అంటాను.

ఆ వంక మీద నడిమి ఊరు జాలవంక. నేను చెప్పబోయేది అక్కడ జరిగింది.

జాలవంక బడి తూర్పు గోడ మీద నిలువుగా ఒక బోరు బొమ్మ వేయించాం. పక్కన అడుగుల లెక్కన గీతలు, నీరు ఉన్నంత మేర నీలి రంగు. ఊళ్ళో దాన్ని బోర్డు అంటారు. నూట యాభై అడుగుల దగ్గర ఒక ఎర్రగీత. నవంబరులో నీరు ఆ గీతకు పైన ఉంటే బోర్లున్నవాళ్ళు రబీలో వరి వేసుకోవచ్చు. కింద ఉంటే వరి లేదు, కందో ఉలవో వేసుకుని, ఉన్న నీళ్ళను వేసవికి చీనీ, అంటే బత్తాయి, తోటలకు మిగిల్చాలి. ఇది ఊరంతా కూర్చుని చేసుకున్న కట్టుబాటు. గీత ఎక్కడ గీయాలన్నది మాత్రం నా పని. జూన్, జూలైలలో పిల్లలు కొలిచినప్పుడు నీరు నూట డెబ్బై, నూట డెబ్బై రెండు అడుగుల్లో ఉంది. ఇరవై అడుగులు పైకి వస్తేనే వరికి తాళుతుందని లెక్కేసి గీయించాను.

కొలతకు ఖాళీ బోరు ఉండాలి. అంటే మోటారు లేనిది. కానీ పిల్లలు పడిపోతారన్న భయంతో పాడుపడిన బోర్లన్నింటినీ ఎప్పుడో మూయించేశారు. మిగిలింది బడి గోడనానుకుని ఉన్న ఓబులేసు పొలంలోని ఆడే బోరు. ఓబులేసు ఊళ్ళో నాలుగు బోర్లున్న రైతు. అడగగానే ఒప్పుకున్నాడు. మూతలో ఒక కన్నం పెట్టించి, టేపు వదిలే ఏర్పాటు చేశాం. టేపు కొసకు నీరు తగిలితే పైన పెట్టె పీక్‌మంటుంది. పిల్లలకు ఆ మోత అంటే పండగ.

ఇక్కడ వృత్తికి సంబంధించిన సంగతి ఒకటి చెప్పాలి. మోటారు ఆడుతున్నప్పుడు బోరులో నీరు బాగా కిందికి పోతుంది. మోటారు ఆపి రాత్రంతా వదిలేస్తే మళ్ళీ పైకి తేరుకుంటుంది. ఈ రెంటికీ మధ్య మా రాతి నేలల్లో ముప్ఫై అడుగుల తేడా కూడా ఉంటుంది. అందుకని కొలత తీసినప్పుడు మోటారు ఆడుతోందా, ఆగి ఎంతసేపయిందీ అని రాయకపోతే ఆ కొలత కాకిలెక్క. ఇది మా చదువులో మొదటి ఏడాది పాఠం. నాకు తెలియక కాదు.

కొలతలను ఫోనులో పంపడానికి ఒక ఉమ్మడి ఫారం తయారు చేసే సమావేశం కొత్త జిల్లా కేంద్రం పుట్టపర్తిలో జరిగింది. ఫోను తెర మీద పట్టేది తొమ్మిది గడులే. విద్యాశాఖకు మగపిల్లల హాజరు ఒక గడి, ఆడపిల్లల హాజరు ఒక గడి కావాలి. అటవీశాఖకు నాటిన మొక్కలు ఒకటి, బతికిన మొక్కలు ఒకటి. కళాశాలవారికి ఫోటో. సంస్థవారికి ప్రతిజ్ఞ చేయించారా లేదా అన్నది. మధ్యాహ్నం మూడయ్యేసరికి నీటి కోసం పెట్టిన పథకంలో నీటికి మిగిలినవి మూడు గడులు: తేదీ, లోతు, నెల మొత్తం వాన.

జాలవంక నుంచి వచ్చిన సైన్సు టీచరు శారద లేచి, "మోటారు ఆగి ఎంతసేపైందో రాసేదానికి ఒక గడి పెట్టండి సార్" అన్నది. ఆమె ధర్మవరం నుంచి రోజూ బస్సులో వచ్చి పాఠం చెప్పే మనిషి. ఎక్కువ మాట్లాడదు. కొలిచే ముందు ఆరు గంటలు మోటారు ఆపించండి, శిక్షణలో చెబుతాం, గడి అక్కర్లేదు అన్నాను. "బడి తొమ్మిదికి సార్. కరెంటు నాలుక్కే వస్తాది. అందరివీ ఆటో స్టార్టర్లే. మేం పోయేసరికి మోటారు ఆడతానే ఉంటాది" అన్నదామె. కరెంటు రాగానే మోటారును దానంతటదే ఆడించే పెట్టెను ఆటో స్టార్టర్ అంటారు. మా జిల్లాలో అది లేని బోరు వెతకాలి.

నేను చెప్పిన జవాబు నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. "ఎప్పుడూ ఒకే వేళకు కొలవండి టీచర్. తప్పయినా ఒకే తప్పు ప్రతిసారీ జరుగుతుంది, పోలిక చెడదు." సభలో తలలూపారు. శాస్త్రప్రకారం అది తప్పు మాట కూడా కాదు, కరెంటు వచ్చే వేళ మారనంత కాలం.

సెప్టెంబరులో మారింది. పక్కన కొత్త సబ్‌స్టేషన్ మొదలైంది. జాలవంక లైనును దానికి కలిపారు. అంతదాకా తెల్లవారుజామున నాలుగుకు వచ్చే, మోటార్లు ఆడే త్రీఫేజ్ కరెంటు పొద్దున పది తర్వాత రావడం మొదలైంది. రైతులు సంతోషించారు. చీకట్లో తేళ్ళూ పాముల మధ్య చేనికి పోయే పని తప్పింది. ఆ సంగతి నాకు ఎవరూ రాతపూర్వకంగా తెలియజేయలేదు. తెలియజేయాలని విద్యుత్తువాళ్ళకు తోచదు కూడా. మా ఆరుగురు భాగస్వాముల్లో వాళ్ళు లేరు.

తర్వాతి కొలతలో నీరు నూట నలభై ఒకటికి వచ్చింది. ఒక్క పక్షంలో దాదాపు ముప్ఫై అడుగులు. ఆ నెలలో ఒక మంచి వాన కూడా పడింది. నా బల్ల మీదికి వచ్చిన కాగితంలో రెండూ పక్కపక్కనే ఉన్నాయి. పిల్లలు శుభ్రం చేసిన కాలువల్లో నీళ్ళు పారిన ఫోటో కూడా వచ్చింది. వరుసగా మూడు కరువులు రాసిన చేతికి ఒక్కసారి మంచి మాట రాసే అవకాశం దొరికితే ఎలా ఉంటుందో మా వృత్తిలోనివారికే తెలుస్తుంది. నాకు ఆ అంకె నిజం కావాలనిపించింది. అందుకే నమ్మాను.

ఆ వారంలోనే మొక్కలు నాటే కార్యక్రమానికి జాలవంక వెళ్ళాను. బ్యానరు కట్టారు, ఫోటోలు దిగారు, కానుగ మొక్కలకు మైకులో ప్రతిజ్ఞ చేయించారు. నేను జీపు వైపు నడుస్తుంటే శారద టీచర్ వెంట వచ్చింది. చేతిలో పిల్లల రిజిస్టరు ఉంది.

"ఒక్క ఐదు నిమిషాలు సార్. ఈ కొలత మీద నాకు అనుమానం ఉండాది."

మరునాడు పుట్టపర్తిలో సమీక్ష. నాకు ఇంకా నాలుగు ఊళ్ళ అంకెలు ఎక్కించాలి. పొద్దుటి నుంచి ఎండలో నిలబడి నడుము లాగుతోంది. నాకు చిరాకు కలిగింది, దాన్ని మర్యాదగా కనబరిచాను. రాసి పంపండి టీచర్‌గారూ, తప్పక చూస్తాను అన్నాను. ఆమె రిజిస్టరు మూసుకుని వెనక్కి నడిచింది. రాసి పంపడానికి ఫారంలో గడే లేదని నాకు అప్పుడు తోచలేదు.

సమీక్షలో జాలవంక గ్రాఫును తెర మీద వేశాను. చప్పట్లు కొట్టారు. అధ్యక్షత వహించిన పెద్ద అధికారి మిగతా ఊళ్ళవాళ్ళను జాలవంక వెళ్ళి చూసి రమ్మన్నారు. హెడ్మాస్టరుకు శాలువా కప్పారు. మంచి అన్నం పెట్టారు. ఆ రోజు ఇంటికి వచ్చి, రిటైరయ్యే ముందు ఒక మంచి పని చేశానని మా ఆవిడతో అన్నాను కూడా.

నవంబరులో రబీ పంటను తేల్చే ఊరి సమావేశం బడి వరండాలో జరిగింది. నీలిరంగు ఎర్రగీతకు పైన ఉంది. ఓబులేసూ, ఇంకో ఐదారుగురూ వరి వేస్తామన్నారు. కట్టుబాటు ప్రకారం వాళ్ళకు హక్కు వచ్చింది. అప్పుడు వెనక వరుసలోంచి నరసింహులు లేచాడు.

నరసింహులుది ఓబులేసు పొలానికి దిగువన ఒక ఎకరా చీనీ తోట. గొర్రెలమ్మి, బోరు వేయించి, ఎనిమిదేళ్ళు సాకిన తోట. నూట పది చెట్లు. అంతకు ముందు ఏడాదే నిండుగా కాపుకు వచ్చింది. ఆ ఇంటికి వేరే ఆధారం లేదు. "నా బోరు గ్యాపులిస్తాండాది సార్" అన్నాడు. అంటే నీళ్ళు కాసేపు వచ్చి, కాసేపు ఆగి, మళ్ళీ వస్తున్నాయని. "పోయిన తూరి ఈ కాలానికి ఇట్ల లేదు. పైన మళ్ళు నాటితే నా చెట్లు ఎండాకాలం దాటవు."

సమావేశమంతా నావైపు చూసింది. గోడ మీద అంకె ఉంది. నా దగ్గర గ్రాఫు ఉంది. పక్క బోరులో నీరు ముప్ఫై అడుగులు పైకి వచ్చినప్పుడు నీ బోరులో తగ్గడానికి కారణం నీరు కాదు, మోటారో పైపో చూపించుకో అని చెప్పాను. నెమ్మదిగానే చెప్పాను. నరసింహులు గోడ వైపు ఒకసారి చూసి, "అట్లనా సార్" అని కూర్చున్నాడు. చెప్పేవాడికి వినేవాడు లోకువ అంటారు. ఆ రోజు చెప్పేవాణ్ణి నేను.

అతను నా మాట విని మెకానిక్కును పిలిచి, మోటారును పైకి లాగించి చూపించుకున్నాడని తర్వాత తెలిసింది. మోటారు శుభ్రంగా ఉంది.

ఫిబ్రవరిలో బోర్డు మీద నీరు ఎర్రగీతను దాటి కిందికి జారింది. అప్పటికి నాట్లు వేసి నెల దాటింది. వేసవి ముందే వచ్చిందని రాసి ఆ నెల నివేదిక ముగించాను.

మార్చి ఆఖర్లో ఒక రోజు పదకొండు గంటలకు నరసింహులు అనంతపురంలోని మా ఆఫీసుకు వచ్చాడు. బత్తలపల్లెలో బస్సు పట్టుకుని, బస్టాండు నుంచి నడిచి వచ్చాడు. కూర్చోమంటే కూర్చోలేదు. నా బల్లకు ఎదురుగా నిలబడి అడిగాడు.

"నీళ్ళు ఉండాయంటివి కదా సార్. యాడుండాయి?"

కోపంతో అనలేదు. దారి తెలియక అడిగేవాడిలా అడిగాడు. బోరు నిలిచిపోయి ఆరు రోజులైందని, ట్యాంకరు తోలిస్తున్నానని, చెట్లు ఆకు ముడిచినాయని, పిందె రాలుతోందని చెప్పాడు. తిట్టి ఉంటే నాకు సులువుగా ఉండేది. రేపు వస్తానన్నాను.

మరునాడు తెల్లవారకముందే బయల్దేరి, ఏడుకల్లా జాలవంక చేరాను. రాత్రంతా ఆగి ఉన్న ఓబులేసు బోరులో టేపు వదిలాను. కరెంటు వచ్చాక, మోటారు ఐదు గంటలు ఆడిన తర్వాత మళ్ళీ వదిలాను. రెండు కొలతలకు మధ్య ముప్ఫై రెండు అడుగుల తేడా వచ్చింది. సెప్టెంబరులో మేము పండగ చేసుకున్నదీ ఇంచుమించు అంతే. నాకు అప్పటికే అర్థమైంది. అయినా రిజిస్టరు అడిగాను.

శారద టీచర్ బీరువాలోంచి తీసి ఇచ్చింది. ఫారంలో మేము పెట్టని గడిని పిల్లలు రిజిస్టరులో స్కేలుతో గీసుకుని ఉంచుకున్నారు. జూన్ నుంచి ప్రతి కొలత పక్కనా 'మోటారు ఆడుతున్నది' అని ఉంది. సెప్టెంబరు రెండో కొలత దగ్గర 'మోటారు ఆగి ఉన్నది, కరెంటు వేళ మారినది' అని ఉంది. అప్పటి నుంచి ప్రతిసారీ అదే మాట. వాన కొలతలు తేదీలవారీగా ఉన్నాయి. మంచి వాన పడింది ఆ కొలత తీసిన తర్వాత మూడో రోజున. అక్కడ అంచున టీచరు పెన్సిలుతో చిన్నగా ఒక ప్రశ్న రాసింది: వాన పడకముందే నీళ్ళు ఎట్లా పైకి వచ్చాయి?

జీపు దగ్గర ఐదు నిమిషాలు అడిగింది ఈ మాట చెప్పడానికే.

జరిగింది ఒక్క ముక్కలో చెప్పాలంటే, ఎర్రగీతను ఆడుతున్న మోటారుకు గీశాను, నీటిని ఆగిన మోటారుకు కొలిపించాను. నీరు ఒక్క అడుగు కూడా పెరగలేదు. పెరిగిందని ఊరికి చెప్పి, వరి నాటించి, దిగువ తోట నీళ్ళను ఎగువ మళ్ళకు పారించాను.

ఆ సాయంత్రమే ఊరివాళ్ళను వరండాలో కూర్చోబెట్టి సంగతి చెప్పాను. తర్వాత ఎవరో, "పిల్లోళ్ళతో కొలిపిస్తే ఇట్లనే ఉంటాది లే అన్నా" అన్నారు. పిల్లలు సరిగ్గానే రాశారు, వాళ్ళు రాసింది చదవనిది నేను అని రిజిస్టరు తెరిచి చూపించాను. శారద టీచర్ తల ఎత్తలేదు.

ఓబులేసుకు కోపం వచ్చింది. "బోర్డు చూసే నాటినాం కదప్పా. దొంగతనంగా నాటినామా? ఇప్పుడు వరి పాలు పోసుకుంటాండాది, నీళ్ళు ఆపమంటే యెట్ల?" అన్నాడు. అతని మాటలో తప్పు లేదు. నరసింహులు నావైపు చూసి, "ఆ పొద్దే చెప్పినా సార్. మోటారు చూపించుకోమంటివి. చూపిస్తి" అన్నాడు. అంతే అన్నాడు. ముప్ఫై ఏళ్ళలో నాకు మెమోలు వచ్చాయి, విజిలెన్సు విచారణ కూడా ఒకటి వచ్చింది. ఆ రెండు ముక్కలు విన్నప్పుడు పడ్డ సిగ్గు వాటిలో వేటికీ పడలేదు.

పొద్దు కుంకేదాకా వాదించుకుని, చివరికి ఓబులేసే ఒక దారి చెప్పాడు. మూడు రోజులకొకసారి రెండు గంటలు తన బోరు నుంచి పైపు వేసి తోటకు నీళ్ళు వదులుతాడు. వరి కోసేదాకా అంతకు మించి తన చేత కాదు. కట్టుబాటు ప్రకారం ఆ నీళ్ళు ఇవ్వాల్సిన పని అతనికి లేదు. ఇచ్చాడు.

ఆ నీళ్ళు నూట పది చెట్లకు చాలవు. మరునాడు నరసింహులు, అతని భార్య తోటలో వరుసలు తిరుగుతుంటే నేనూ వెంట ఉన్నాను. ఏ చెట్టుకు నీళ్ళు, ఏ చెట్టుకు లేదు అన్నది వాళ్ళు తేల్చుకోవాలి. ఎక్కువ కాసే చెట్లను ఉంచుకుంటారనుకున్నాను. నరసింహులు వేరే లెక్క చూశాడు. నిరుడు బాగా కాసిన చెట్టు అలిసి ఉంటుందట, ఎండకు అది ముందు పోతుందట. కాపు తక్కువైనా బెరడు పచ్చిగా ఉన్నవి ఉంచాడు. ఉంచిన చెట్లకు కొమ్మలు సగానికి నరికి, పాదుల నిండా శెనక్కాయ పొట్టు కప్పారు. మిగతావాటికి ఆ రోజు నుంచే నీళ్ళు ఆపేశారు. అతని భార్య ఒక చెట్టు దగ్గర నిలబడి, "ఇది మా నాయన నాటిన చెట్టు" అన్నది. నరసింహులు దాని బెరడును గోటితో గీరి చూసి, తల అడ్డంగా ఊపి, తర్వాతి చెట్టు దగ్గరికి నడిచాడు.

నేను ఆఫీసుకు వచ్చి సవరణ నివేదిక రాశాను. పెద్ద అధికారి నన్ను పిలిపించారు. మంచి మనిషే, నా మేలు కోరే మాట్లాడారు. మీరు రిటైరయ్యే మనిషి, విద్యార్థుల కొలతల్లో దొర్లిన లోపం అని ఒక వాక్యం రాస్తే సరిపోతుంది, పిల్లల మీద ఎవరు చర్య తీసుకుంటారు అన్నారు. పిల్లల మీద ఎవరూ తీసుకోరు. వాళ్ళ టీచరు మీద తీసుకుంటారు. అది ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు.

ఫారంలో గడి వద్దన్నది, ఊరి సమావేశంలో రైతు అభ్యంతరాన్ని కొట్టేసింది సభ్య కార్యదర్శి అని రాసి, కింద నా పేరూ హోదా పెట్టి పంపాను. దీన్ని ధైర్యమని ఎవరైనా అంటే ఒప్పుకోను. పెన్సిలుతో రాసిన ఆ ప్రశ్న రిజిస్టరులో ఉంది. దాన్ని నేను చదివేశాను. చదివాక ఇంకొకలా రాయడానికి చెయ్యి రాలేదు.

నాకు సంజాయిషీ నోటీసు వచ్చింది. జవాబిచ్చాను. ఆ ఫైలు కదలనందున పెన్షను కాగితాలు కొన్ని నెలలు ఆలస్యమయ్యాయి. సవరణ నివేదికను వార్షిక నివేదిక చివర, అనుబంధంలో, ఎవరూ తిప్పని పేజీలో వేశారు. మరుసటి ఏడాది భాగస్వామ్యం ప్లాస్టిక్ మీదికి మళ్ళింది. కొత్త బ్యానర్లు వచ్చాయి, అవీ ప్లాస్టిక్‌వే. ఫారంలో మోటారు గడి పెట్టమని మూడుసార్లు రాశాను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే, అయినా రాశాను. పరిశీలనలో ఉందని జవాబు వచ్చింది. ఇప్పటికీ పరిశీలనలోనే ఉండి ఉంటుంది.

రిటైరయ్యే నెలలో ఒకసారి జాలవంక వెళ్ళాను. భాగస్వామ్యం పట్టించుకోకపోయినా పిల్లలు కొలవడం మానలేదు. గోడ మీద పాత ఎర్రగీతకు సున్నం కొట్టి, ఆగిన మోటారుకు తగినట్టు కొత్తది పైన గీసుకున్నారు. దాని పక్కన ఇంకొక చిన్న పలక వేలాడుతోంది: మోటారు ఆగి ఎన్ని గంటలైంది. శారద టీచర్‌కు బదిలీ అయింది, శిక్షగా కాదు, మామూలు బదిలీయే. కొత్త టీచరుకు ఆ పలక సంగతి తొమ్మిదో తరగతి పిల్లలే నేర్పారు. ఆ తర్వాతి రెండు రబీలలోనూ జాలవంకలో వరి నాటలేదు.

నరసింహులు తోటకు కూడా వెళ్ళాను. బతికిన చెట్లు చిగురించాయి. ఖాళీ వరుసల్లో ఉలవ చల్లాడు. మొదళ్ళు ఇంకా పెరకలేదు. టీ తాగమన్నాడు, తాగాను. బోర్డు చూస్తున్నావా అని అడిగాను. "చూస్తా సార్. నీళ్ళ అంకె తర్వాత చూస్తా. మోటారు యెప్పుడు ఆపినారో అది ముందు చూస్తా" అన్నాడు. నన్ను ఎత్తిపొడవడానికి అన్నాడని నేననుకోను. అలా అడగాలని అతనికి ఇప్పుడు తెలుసు, అంతే.

ఈ ఉద్యోగంలో చివరికి నేను నేర్చుకున్నది చాలా చిన్న సంగతి. కొలతతో పాటు కొలిచిన మనిషి ఏం చెబుతున్నాడో కూడా తీసుకోవాలి. ఆ మాటకు ఫారంలో చోటు లేకపోతే నిలబడి వినాలి. శారద టీచర్ అడిగింది ఐదు నిమిషాలు. అవి నేనివ్వలేదు. ఆ రోజు తోటలోంచి వచ్చేస్తూ ఉలవ మధ్య ఎండు మొదళ్ళను వరుసవారీగా లెక్కపెట్టాను. అరవై రెండు ఉన్నాయి.